మంత్రి మతం ఏ గడిలో రాయాలి? 1947 నుంచి తేలని లెక్క

కొత్త మంత్రివర్గం ప్రమాణం చేసిన రోజు సాయంత్రానికల్లా ఫోన్లలోకి ఒక పట్టిక వచ్చి పడుతుంది. ఎడమ పక్క మంత్రుల పేర్లు, కుడి పక్క కులం, మతం, జిల్లా. దాని కింద ఇక గొడవ మొదలు. మావాళ్లు ఒక్కరే ఉన్నారని ఒకరు, వాళ్లకి ఎక్కువిచ్చారని ఇంకొకరు, అసలు మంత్రికి మతమేంటండీ పని చూడాలి గానీ అని మూడో ఆయన. ఈ ముగ్గురూ ఒక విషయంలో మాత్రం ఏకాభిప్రాయంతో ఉంటారు, ఆ పట్టిక కరెక్టే అని. నాకు అనుమానం అక్కడే.

ఎందుకంటే మంత్రి మతం ఏంటో చెప్పే అధికారిక కాగితం మన దేశంలో లేదు. ఎన్నికల్లో అభ్యర్థి ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో ఆస్తులుంటాయి, అప్పులుంటాయి, కేసులుంటాయి, చదువు ఉంటుంది. మతం అడగరు. రిజర్వుడు సీటుకి నామినేషన్ వేస్తే కులమో తెగో చెప్పాలి, అంతే. మరి పట్టిక నింపేవాళ్లకి ఆ వివరం ఎక్కడిది? పేరు చూసి, ఇంటిపేరు చూసి, పండగ ఫొటో చూసి, ఎవరో చెప్తే విని. చాలాసార్లు అది నిజమే అవుతుంది. కాని సందర్భాల్లోనే అసలు కథంతా ఉంది.

ముందు కొన్ని మాటలు విడదీసుకుందాం

మంత్రిమండలి, కేబినెట్ రెండూ ఒకటి కావు. మంత్రిమండలి అంటే అందరూ, అంటే కేబినెట్ మంత్రులు, స్వతంత్ర హోదా ఉన్న సహాయ మంత్రులు, మామూలు సహాయ మంత్రులు కలిపి. కేబినెట్ అంటే అందులో పై వరస మాత్రమే, పెద్ద నిర్ణయాలు తీసుకునే గది. విచిత్రమేంటంటే రాజ్యాంగంలో మొదట 'కేబినెట్' అన్న మాటే లేదు, 1978లో 44వ సవరణతో ఎమర్జెన్సీకి సంబంధించిన 352వ అధికరణంలోకి వచ్చింది.

ఈ తేడా ఎందుకంటే, శాతాలు చెప్పేటప్పుడు దేనికి శాతం అన్నది మారిపోతుంది. 2024 జూన్ 9న ప్రమాణం చేసిన కేంద్ర మంత్రిమండలిలో ప్రధానితో కలిపి 72 మంది. మైనారిటీల నుంచి ఐదుగురు అని వార్తల్లో వచ్చింది: హర్దీప్ సింగ్ పురి, రవ్‌నీత్ సింగ్ బిట్టు సిక్కులు, కిరెన్ రిజిజు, రాందాస్ అఠావలే బౌద్ధులు, జార్జ్ కురియన్ క్రైస్తవుడు. 72లో ఐదు అంటే సుమారు 7 శాతం. పై వరస మాత్రమే తీసుకుంటే ప్రధానితో కలిపి 31 మంది, అందులో పురి, రిజిజు ఇద్దరే, అంటే ఆరున్నర శాతం. ఇక్కడ రెండు అంకెలూ దగ్గరదగ్గరగా ఉన్నాయి కాబట్టి బతికిపోయాం, అన్నిసార్లూ అలా ఉండవు.

'మైనారిటీ' అన్న మాట ఇంకో చిక్కు. మామూలు మాటల్లో మైనారిటీ అంటే చాలామందికి ముస్లిం అనే అర్థం. చట్టం ప్రకారం మాత్రం ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్సీలు, 2014 నుంచి జైనులు. అందుకే 'మైనారిటీలకి ఐదు పదవులు' అని ఒక పార్టీ చెప్పడం నిజమే, 'ఒక్క ముస్లిం మంత్రి కూడా లేడు' అని ఇంకో పార్టీ చెప్పడమూ నిజమే. 2011 జనాభా లెక్కల్లో ముస్లింలు 14.2 శాతం. టీవీలో ఇద్దరూ అరుచుకుంటారు గానీ వాళ్లు మాట్లాడేది రెండు వేర్వేరు లెక్కల గురించి.

1947 పట్టికని మనమే నింపి చూద్దాం

స్వతంత్ర భారత తొలి మంత్రివర్గంలో 14 మంది. మత వైవిధ్యం గురించి ఎవరు మాట్లాడినా దాన్నే ఉదాహరణగా చూపిస్తారు, చూపించాల్సినదే కూడా. పైపైన నింపితే ఇలా వస్తుంది. ముస్లింలు ఇద్దరు, విద్యాశాఖ మౌలానా ఆజాద్, కమ్యూనికేషన్లు రఫీ అహ్మద్ కిద్వాయ్. క్రైస్తవులు ఇద్దరు, రైల్వే జాన్ మథాయ్, ఆరోగ్యశాఖ రాజకుమారి అమృత్ కౌర్. సిక్కు ఒకరు, రక్షణ మంత్రి బల్దేవ్ సింగ్. పార్సీ ఒకరు, వాణిజ్యం చూసిన సి.హెచ్. భాభా. మిగిలిన ఎనిమిది మంది హిందువులు: నెహ్రూ, పటేల్, రాజేంద్ర ప్రసాద్, జగ్జీవన్ రామ్, అంబేడ్కర్, షణ్ముఖం చెట్టి, శ్యామాప్రసాద్ ముఖర్జీ, గాడ్గిల్.

చక్కగా కుదిరింది కదా. ఇప్పుడు ఒక్కో వరసా మళ్లీ చూద్దాం.

అమృత్ కౌర్ పేరు చూస్తే ఎవరైనా సిక్కు అనే రాస్తారు. కపుర్తలా రాజకుటుంబం వాళ్లది. కానీ తండ్రి రాజా హర్నామ్ సింగ్ క్రైస్తవం తీసుకున్నారు, తల్లి బెంగాలీ క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చినావిడ. అంటే పేరు ఒక మతం చెప్తుంది, పెరిగింది ఇంకో మతంలో. మరి ఆవిడ క్రైస్తవుల ప్రతినిధిగా మంత్రయ్యారా? అనుకోలేం. ఏళ్ల తరబడి గాంధీకి కార్యదర్శిగా పనిచేసి, ఉద్యమంలో జైలుకెళ్లిన మనిషి. రాజ్యాంగ సభ ఉపసంఘంలో మత స్వేచ్ఛ మీద చర్చ జరిగినప్పుడు, మతాన్ని 'ఆచరించే' హక్కు అని మరీ విశాలంగా రాస్తే దేవదాసీ, పరదా, సతి లాంటివి దాని చాటున నిలబడిపోతాయని అభ్యంతరం చెప్పినవాళ్లలో ఆవిడా ఒకరు. మైనారిటీ గడిలో ఉన్న మంత్రి మతానికి ఇంకా రక్షణ కావాలని అడుగుతారని మనం అనుకుంటాం, ఆవిడ ఆడవాళ్ల వైపు నుంచి అడిగారు.

అంబేడ్కర్‌ని హిందూ గడిలో రాశాం. హిందువుగా పుట్టాను, హిందువుగా చావను అని 1935లోనే యేవలాలో ప్రకటించిన మనిషిని! 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నారు. మధ్యలో ఉన్న ఆ ఇరవయ్యేళ్లు, మంత్రిగా ఉన్న నాలుగేళ్లతో సహా, ఏ గడి? కాగితం మీద హిందువే. ఆ కాగితాన్ని ఆయన ఎప్పుడో చింపేశారు.

నెహ్రూ సంగతి కూడా అంతే. కాశ్మీరీ పండిట్ కుటుంబం, అది పుట్టుక. తాను పోయాక ఎలాంటి మత కర్మలూ చెయ్యొద్దని 1954లో రాసిన వీలునామాలో ఉంది, అది నమ్మకం. పట్టికకి పుట్టుక చాలు, వీలునామా అక్కర్లేదు.

ఇక హిందూ గడిలో పక్కపక్కన కూర్చున్న వాళ్లని చూస్తే అది ఒక గడి అనడమే కష్టం. శ్యామాప్రసాద్ ముఖర్జీ హిందూ మహాసభకి అధ్యక్షుడిగా చేసినవారు, ఆ పార్టీ గుర్తింపుతోనే మంత్రివర్గంలోకి వచ్చారు. కానీ ఆయనే 1941 చివర్లో బెంగాల్‌లో ముస్లిం నాయకుడు ఫజ్లుల్ హక్ నడిపిన ప్రభుత్వంలో ఆర్థిక మంత్రి. షణ్ముఖం చెట్టి కాంగ్రెస్‌కి ప్రత్యర్థి అయిన మద్రాసు జస్టిస్ పార్టీ నుంచి ఎదిగి కొచ్చిన్‌కి దివాన్‌గా పనిచేశారు. జగ్జీవన్ రామ్ అప్పటికి 39 ఏళ్లవాడు, దళిత కార్మిక రాజకీయాల్లోంచి వచ్చారు. అంబేడ్కర్, చెట్టి, ముఖర్జీ ముగ్గురూ కాంగ్రెస్ వాళ్లు కారు. ఆ మంత్రివర్గంలో అసలు వైవిధ్యం మతం గడిలో కంటే 'నిన్నటిదాకా ఎవరితో కొట్లాడాడు' అన్న గడిలో ఎక్కువ కనిపిస్తుంది. ఆ గడి మాత్రం ఎవరూ గీయరు.

జాన్ మథాయ్, భాభా ఇద్దరూ వ్యాపార రంగం వాళ్లు. మథాయ్ ఆర్థికవేత్త, టాటాల దగ్గర డైరెక్టర్, 1944లో పారిశ్రామికవేత్తలు దేశానికి తయారుచేసిన ఆర్థిక ప్రణాళిక, బాంబే ప్రణాళిక, రాసినవాళ్లలో ఒకరు. 1948లో చెట్టి రాజీనామా చేశాక ఆర్థిక శాఖ ఈయనకే వచ్చింది. అది సిరియన్ క్రైస్తవుడికి ఇచ్చిన ఆర్థిక శాఖ అని అంటారా, టాటాల మనిషికి ఇచ్చిన ఆర్థిక శాఖ అంటారా, మీ ఇష్టం.

ఒకే గడిలో నాలుగు ప్రశ్నలు

పై పట్టికలో మనం ఎక్కడ తడబడ్డామో చూస్తే, 'మతం' అన్న ఒక్క గడిలో కనీసం నాలుగు వేరే ప్రశ్నలు ఇరుక్కుని ఉన్నాయని తెలుస్తుంది. ఏ ఇంట్లో పుట్టాడు? ఏది నమ్ముతాడు? ఎవరు పంపితే వచ్చాడు? ఎవరి తరఫున మాట్లాడతాడు?

బల్దేవ్ సింగ్‌కి నాలుగింటికీ ఒకటే జవాబు. సిక్కు కుటుంబం, సిక్కు మతం, అకాలీ రాజకీయాలు, 1947 జూన్ 3 విభజన ప్రణాళికని సిక్కుల తరఫున ఒప్పుకుంటున్నానని రేడియోలో చెప్పింది ఆయనే. అందుకే ఆ వరస నింపడం సులువు. అమృత్ కౌర్‌కి నాలుగు జవాబులూ నాలుగు దారులు.

రెండో ప్రశ్న, నమ్మకం, బయటి వాళ్లకి తెలిసేది కాదు. బ్రిటన్ ప్రధానిగా టోనీ బ్లెయిర్ పదేళ్లున్నారు, 2007 జూన్‌లో దిగిపోయి అదే డిసెంబర్‌లో కేథలిక్ అయ్యారు. ఆయన మనసు ఎప్పుడు మారిందో ఏ పట్టిక చెప్తుంది? మన దగ్గర దీనికి చట్టం కూడా ఒక మెలిక పెట్టింది. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట దాదాపుగా హిందువులకే, 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవం తీసుకుంటే ఆ హోదా పోతుంది, రిజర్వుడు సీటులో నిలబడే అర్హతా పోతుంది. కాబట్టి నమ్మకం ఒకటి, కాగితం ఒకటి ఉండే అవకాశాన్ని చట్టమే సృష్టించింది. అది తప్పా ఒప్పా అనేది కోర్టుల్లో నడుస్తున్న వేరే కథ. మన పట్టిక మటుకు అక్కడ గుడ్డిదే.

ప్రమాణం చేసేటప్పుడు చెప్పే మాటలతో మతం తెలుస్తుందని కొందరు అనుకుంటారు. తెలియదు. రాజ్యాంగం మూడో షెడ్యూల్లో రెండే దారులు, దేవుడి పేరిట ప్రమాణం, లేదా దేవుడి ఊసు లేకుండా మనస్ఫూర్తిగా ధ్రువీకరణ. ఏ దేవుడో అడగరు. కేరళలో ఒక ఎమ్మెల్యే శ్రీనారాయణ గురు పేరిట ప్రమాణం చేస్తే అది చెల్లదని హైకోర్టు అంది, గురువు ఎంత పూజ్యుడైనా షెడ్యూల్లో రాసిన మాట అది కాదని.

మూడో ప్రశ్నే పెద్ద గొడవ పెట్టింది

ఎవరు పంపితే వచ్చాడు అన్న ప్రశ్న చూడ్డానికి చిన్నదే. 1945లో సిమ్లా సమావేశం విఫలమైంది దీని మీదే. వైస్రాయ్ మండలిలో (అప్పటి మంత్రివర్గం లాంటిది) ముస్లిం సభ్యుల్ని ఎంపిక చేసే హక్కు ముస్లిం లీగ్‌ది మాత్రమే అని జిన్నా పట్టు. మా పార్టీలో ముస్లింలు లేరా, మేమూ పంపుతాం అని కాంగ్రెస్. ముస్లిం ఉన్నాడా లేడా అన్నది అక్కడ సమస్యే కాదు, ఆజాద్ కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఆ సమావేశంలోనే ఉన్నారు. ఆజాద్‌ని 1940లోనే జిన్నా 'షో బాయ్' అని ఎద్దేవా చేశాడు. మక్కాలో పుట్టి, సంప్రదాయ ఇస్లామిక్ చదువు చదివి, ఖురాన్‌కి వ్యాఖ్యానం రాసిన పండితుడిని, మతాచారాలు పెద్దగా పట్టించుకోని ఒక బారిస్టరు, నువ్వు ముస్లింల తరఫున కాదు పొమ్మన్నాడు. రెండో ప్రశ్న ప్రకారం ఆజాద్‌ని మించినవాడు లేడు, మూడో ప్రశ్న ప్రకారం జిన్నా లెక్కలో ఆజాద్‌కి సున్నా.

1946 సెప్టెంబర్ 2న తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడినప్పుడు కాంగ్రెస్ జాబితాలో అసఫ్ అలీ లాంటి ముస్లింలు ఉన్నారు. అక్టోబర్లో లీగ్ కూడా చేరింది, ఐదుగురిని పంపింది. ఆ ఐదుగురిలో ఒకరు జోగేంద్రనాథ్ మండల్. బెంగాల్ దళిత నాయకుడు, హిందువు! మీరు ముస్లింని పంపితే మేం దళితుడిని పంపుతాం అన్నట్టు. ఇప్పుడు చెప్పండి, ముస్లిం లీగ్ కోటాలో వచ్చిన హిందూ దళిత మంత్రిని ఏ గడిలో రాస్తారు? ఆయన కథ చివర్లో మళ్లీ వస్తుంది.

రాసి పెట్టుకున్న దేశం: లెబనాన్

ఈ తలనొప్పి లేకుండా కోటా ఏదో రాసేసుకుంటే పోలా అనిపిస్తుంది. లెబనాన్ అదే చేసింది, ముందు నోటిమాటగా, తర్వాత కాగితం మీద. 1943లో నోటిమాటగా కుదిరిన జాతీయ ఒప్పందం ప్రకారం అధ్యక్షుడు మారోనైట్ క్రైస్తవుడు, ప్రధాని సున్నీ, స్పీకర్ షియా. పార్లమెంటులో క్రైస్తవులకి ఆరు సీట్లుంటే ముస్లింలకి ఐదు. ఆధారం 1932 జనాభా లెక్కలు. ఆ తర్వాత ఆ దేశంలో మళ్లీ అధికారికంగా జనాభా లెక్కలే తీయలేదు. తీస్తే నిష్పత్తి మారుతుంది, నిష్పత్తి మారితే పదవులు మారతాయి, ఎవరు ఒప్పుకుంటారు?

పదిహేనేళ్ల అంతర్యుద్ధం చివర్లో, 1989 తాయిఫ్ ఒప్పందంతో ఆరు-ఐదు పోయి సగం-సగం వచ్చింది. ఇప్పుడు 128 సీట్లలో 64 క్రైస్తవులకి, 64 ముస్లింలకి, డ్రూజులు (ఇస్లాం నుంచి విడివడిన ఒక చిన్న మత వర్గం) ముస్లింల వాటాలోకే వస్తారు. మంత్రివర్గమూ అంతే. 24 మంది ఉంటే 12 క్రైస్తవులకి, 12 ముస్లింలకి. ముస్లింల పన్నెండు మామూలుగా ఐదు సున్నీ, ఐదు షియా, రెండు డ్రూజు అని విడిపోతుంది. క్రైస్తవుల పన్నెండు మారోనైట్, గ్రీక్ ఆర్థడాక్స్, గ్రీక్ కేథలిక్, ఆర్మీనియన్ అని ముక్కలవుతుంది. దేవుణ్ణే నమ్మనివాడు మంత్రయినా ఏదో ఒక వర్గం వాటాలోంచే రావాలి. అంటే లెబనాన్ మొదటి ప్రశ్నని మాత్రమే పట్టుకుంది, ఏ ఇంట్లో పుట్టావు. 

లాభం లేదా అంటే ఉంది. చిన్న వర్గాలకి కూడా బల్ల దగ్గర కుర్చీ గ్యారంటీ, ఏ ఒక్కరూ మిగతావాళ్లని పూర్తిగా పక్కకి నెట్టలేరు. కానీ తలలు సమానమయ్యాక గొడవ శాఖల మీదికి పాకింది. ప్రభుత్వ ఉత్తర్వుల మీద అధ్యక్షుడి సంతకం మారోనైట్‌ది, ప్రధానిది సున్నీది, మరి మా సంతకం ఏదీ అని షియా పార్టీలు ఆర్థిక శాఖ కోసం పట్టుబట్టాయి, అది తమకే రావడం ఆనవాయితీ అని వాదించాయి. 2020 ఆగస్టు 4న బేరూత్ రేవులో పేలుడు జరిగి నగరం సగం అద్దాలు పగిలి ఉన్న సమయంలో కూడా, ప్రధాని కావాల్సిన ముస్తఫా అదీబ్ మంత్రివర్గం కూర్చలేక సెప్టెంబర్ 26న తప్పుకున్నారు, ప్రధాన అడ్డంకి ఈ ఆర్థిక శాఖే.

మతం అడగకుండా వాటా వేసే దేశం: ఉత్తర ఐర్లాండ్

ప్రొటెస్టెంట్లు, కేథలిక్కులు దశాబ్దాలు చంపుకున్న చోటు. 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం మంత్రివర్గంలో ఇద్దర్నీ ఉంచాలి అంది, కానీ మతం పేరు ఎత్తలేదు. ఎమ్మెల్యే ఎన్నికయ్యాక తాను యూనియనిస్టా, నేషనలిస్టా, లేక ఇతరులా అని రిజిస్టర్‌లో రాస్తాడు. అంటే బ్రిటన్‌తో ఉండాలనా, ఐర్లాండ్‌తో కలవాలనా, రెండూ కాదా అని. ఇది నాలుగో ప్రశ్న, ఎవరి తరఫున. గుడికెళ్తావా చర్చికెళ్తావా అన్నది నీ ఇష్టం.

శాఖలు పంచడానికి ఒక లెక్కుంది, డాంట్ పద్ధతి. ప్రతి పార్టీ సీట్ల సంఖ్యని 1తో, 2తో, 3తో అలా భాగించుకుంటూ పోయి, వచ్చిన అంకెల్లో పెద్దవాటి వరసలో శాఖలివ్వాలి. 2022 ఎన్నికల అంకెలతో వేసి చూద్దాం. నేషనలిస్టు షిన్ ఫేన్ 27, యూనియనిస్టు డీయూపీ 25, 'ఇతరుల' పార్టీ అలయన్స్ 17, ఇంకో యూనియనిస్టు పార్టీ యూయూపీ 9, ఇంకో నేషనలిస్టు పార్టీ ఎస్‌డీఎల్‌పీ 8. మొదటి శాఖ 27కి, రెండోది 25కి, మూడోది 17కి. తర్వాత షిన్ ఫేన్ 27ని 2తో భాగిస్తే 13.5, నాలుగోది వాళ్లదే. డీయూపీ 12.5, ఐదోది. తర్వాత 27ని 3తో భాగిస్తే 9, యూయూపీకీ 9, ఆరోది ఏడోది వాళ్లిద్దరివీ. అలయన్స్ 17ని 2తో భాగిస్తే 8.5, ఎనిమిదోది. శాఖలు అయిపోయాయి. ఎస్‌డీఎల్‌పీ 8 దగ్గర ఆగిపోయింది, ప్రతిపక్షంలో కూర్చుంది. 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఏర్పడినప్పుడు సరిగ్గా ఇలాగే తేలింది: మూడు, రెండు, రెండు, ఒకటి. ఈ ఎనిమిదిలో న్యాయశాఖని మాత్రం వరసలో ఎంచుకోనివ్వకుండా రెండు వర్గాల ఓటుతో ఎన్నుకుంటారు, అది దక్కిన పార్టీ వాటాలోనే లెక్కకి వస్తుంది. అది అలయన్స్ నాయకురాలు నవోమి లాంగ్‌కి వచ్చింది, ఎందుకంటే ఆవిడ 'ఇతరులు'. పోలీసుల్ని, కోర్టుల్ని చూసే శాఖ రెండు వర్గాలకీ ఒకరి చేతిలో ఒకరు పెట్టడం ఇష్టం లేక మూడో మనిషికి ఇచ్చారన్నమాట.

ఇదీ నున్నగా నడవలేదు. పెద్ద పార్టీల్లో ఒకటి అలిగితే ప్రభుత్వమే ఆగిపోతుంది, 2017 నుంచి మూడేళ్లు, 2022 నుంచి రెండేళ్లు అలాగే ఆగింది. 'ఇతరులు' అని రాసుకున్నవాళ్ల ఓటుకి కొన్ని కీలక తీర్మానాల్లో మిగతావాళ్లంత బరువు లేదన్న ఫిర్యాదూ ఉంది.

మన రాజ్యాంగం ఏం రాసింది, ఏం కొట్టేసింది

మన దగ్గర కూడా రాతపూర్వకంగా ఉండేది. 1935 చట్టం కింద గవర్నర్లకి ఇచ్చిన సూచనల్లో, మంత్రుల్ని ఎంపిక చేసేటప్పుడు వీలైనంతవరకు ముఖ్యమైన మైనారిటీల వాళ్లని చేర్చుకోమని ఉంది. 1948 ముసాయిదా రాజ్యాంగంలోకీ అలాంటి మాటే వచ్చింది. శాసనసభల్లో ముస్లింలకి, క్రైస్తవులకి రిజర్వుడు సీట్లూ ముసాయిదాలో ఉన్నాయి. తర్వాత రెండూ పోయాయి. మతం పేరిట రిజర్వేషన్లు వద్దని 1949 మేలో రాజ్యాంగ సభ తేల్చింది, బేగం ఐజాజ్ రసూల్ లాంటి మైనారిటీ సభ్యులే వద్దని వాదించారు. విభజన గాయం పచ్చిగా ఉన్న రోజులు, ఇష్టపడి వదులుకున్నారా వాతావరణం చూసి వదులుకున్నారా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

ఇప్పుడున్న రాజ్యాంగంలో ఒక వర్గం పేరుతో మంత్రి గురించి ఉన్నది ఒక్కచోటే, 164వ అధికరణం. ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, మధ్యప్రదేశ్, ఒడిశాల్లో గిరిజన సంక్షేమానికి ఒక మంత్రి ఉండాలి అని. గమనించండి, గిరిజనుల కోసం మంత్రి ఉండాలంది గానీ ఆ మంత్రి గిరిజనుడై ఉండాలనలేదు.

మిగతాదంతా ముఖ్యమంత్రి, ప్రధాని చేతిలో పని, ఆనవాయితీ, ఒత్తిడి. వాళ్లకీ చేతులు కట్టేసే నిబంధనలు రెండున్నాయి. ఒకటి, 2003లో 91వ సవరణ, సభలో 15 శాతం మించి మంత్రులు ఉండకూడదు. 175 సీట్ల ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రితో కలిపి 26. ఆ 26లో జిల్లాలు, కులాలు, పొత్తు పార్టీలు, సీనియర్లు, అలిగినవాళ్లు అందరూ సర్దుకోవాలి. రెండోది, సభ్యుడు కానివాడు మంత్రయితే ఆరు నెలల్లో ఏదో ఒక సభకి ఎన్నికవ్వాలి. ఈ రెండోది అడ్డంకిలా కనిపిస్తుంది గానీ నిజానికి దొడ్డిదారి కూడా. 2024లో కురియన్, బిట్టు ప్రమాణం చేసేటప్పటికి ఏ సభలోనూ లేరు, ఆగస్టులో రాజ్యసభకి వచ్చారు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి దాదాపు రెండేళ్లు ముస్లిం మంత్రి లేడు, కాంగ్రెస్ నుంచి గెలిచిన ముస్లిం ఎమ్మెల్యే లేడు కాబట్టి. 2025 అక్టోబర్ 31న అజారుద్దీన్ సభ్యుడు కాకుండానే ప్రమాణం చేశారు, జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక ముంగిట. ఉప ఎన్నిక కోసమే అని ప్రతిపక్షం, ఎప్పటి నుంచో ఉన్న లోటు తీర్చామని ప్రభుత్వం.

దీన్నిబట్టి ఒక సంగతి కనిపిస్తుంది. మంత్రివర్గంలో ఎవరు లేరు అన్న ప్రశ్న నిజానికి టికెట్లు పంచిన రోజే తేలిపోతుంది. 2024 లోక్‌సభకి గెలిచిన ముస్లింలు 24 మంది, 543లో నాలుగున్నర శాతం కూడా కాదు, వాళ్లలో అధికార కూటమి వాళ్లు ఒక్కరూ లేరు. బావిలో లేనిది చేదలోకి రాదు. అయితే చేద తోడేవాళ్లకి రాజ్యసభ అనే ఇంకో బావి ఉంది కాబట్టి, గెలిచినవాళ్లు లేరు అన్న జవాబు సగమే.

ఏ శాఖ అన్నది ఎందుకు అడగాలి

తలలు లెక్కపెట్టేవాళ్లు సాధారణంగా వదిలేసేది ఇదే. ముస్లిం మంత్రి అనగానే మైనారిటీ సంక్షేమం, గిరిజన మంత్రి అనగానే గిరిజన సంక్షేమం ఇచ్చేయడం మన దగ్గర అలవాటు. ఆంధ్రప్రదేశ్‌లో ఫరూఖ్ గారిది న్యాయశాఖతో పాటు అదే, అజారుద్దీన్‌కి వచ్చిందీ అదే. సమస్య తెలిసినవాడి చేతిలో శాఖ ఉంటే మంచిదేగా అని ఒక వాదన. మీ గొడవ మీరు చూసుకోండి, బడ్జెట్, పోలీసు, రెవెన్యూ మాత్రం మేం చూసుకుంటాం అన్నట్టుంది అని ఇంకో వాదన. 1947లో చూస్తే రక్షణ సిక్కుకి, విద్య ముస్లింకి, రైల్వే క్రైస్తవుడికి. తెలంగాణ తొలి ప్రభుత్వంలో మహమూద్ అలీకి ఉప ముఖ్యమంత్రి హోదాతో రెవెన్యూ ఇచ్చారు, తర్వాతి దఫాలో హోం. జగన్ 2019లో ఐదుగురు ఉప ముఖ్యమంత్రుల్ని పెట్టి ఎస్సీ, ఎస్టీ, బీసీ, కాపు, మైనారిటీ అని ఒక్కొక్కరికి ఒక్కొక్కటి పంచారు, అది లెబనాన్ పద్ధతికి దగ్గర, కాకపోతే రాత లేదు, రేపు ఇంకొకరు వస్తే ఉండనక్కర్లేదు. ఉప ముఖ్యమంత్రికి రాజ్యాంగంలో ప్రత్యేక అధికారమేదీ లేదు, అదొక గౌరవం.

కేంద్రంలో ఈ అలవాటు అటునుంచి తిరగబడింది. మైనారిటీ వ్యవహారాల శాఖ 2006లో పెట్టినప్పటి నుంచి ముస్లిం మంత్రులే చూశారు. 2022 జులైలో ముఖ్తార్ అబ్బాస్ నఖ్వీ రాజీనామా చేశాక స్మృతి ఇరానీకి, 2024లో బౌద్ధుడైన రిజిజుకి వచ్చింది. ముస్లింలని పక్కన పెట్టారని చూడొచ్చు, మైనారిటీ అంటే ఆరు మతాలు అని గుర్తుచేశారనీ చూడొచ్చు. రెండు వ్యాఖ్యానాలూ ఒకే వాస్తవం మీద నిలబడ్డాయి, మీరు ఏది ఒప్పుకుంటారో మీ ముందు అభిప్రాయాన్ని బట్టి ఉంటుంది. నా మటుకు నేను తలల సంఖ్య కంటే సంతకం పవర్ ఉన్న శాఖ ఎవరికి వెళ్లిందో ముందు చూస్తాను. అలాగని సున్నాని చిన్నది చేయలేం. ఒకరు ఇద్దరైతే ఏం మారుతుందో చెప్పడం కష్టం గానీ, ఒక్కరూ లేకపోతే ఆ గదిలో అడగాల్సిన ప్రశ్న అడిగేవాడే ఉండడు.

మంత్రిని పెడితే భద్రత వస్తుందా

పాతిక మంది మధ్య ఒక్కడు కూర్చుంటే బయట ఉన్న లక్షల మందికి ఒరిగేదేంటి? దీనికి 1950 కంటే కఠినమైన పరీక్ష నాకు తెలిసి లేదు.

జోగేంద్రనాథ్ మండల్ విభజన తర్వాత పాకిస్తాన్‌లో ఉండిపోయారు. 1947 ఆగస్టులో అక్కడి రాజ్యాంగ సభ తొలి సమావేశానికి తాత్కాలిక అధ్యక్షుడు ఆయనే, తర్వాత తొలి న్యాయ, కార్మిక మంత్రి. అక్కడి విదేశాంగ మంత్రి జఫరుల్లా ఖాన్ అహ్మదీ అనే వర్గానికి చెందినవారు, 1953లో ఆయన్ని తీసేయమని పంజాబ్‌లో అల్లర్లు జరిగి లాహోర్‌లో మార్షల్ లా పెట్టాల్సి వచ్చింది, 1974లో రాజ్యాంగ సవరణతో అహ్మదీలు ముస్లింలే కాదన్నారు. మంత్రిగా ఉన్నప్పుడు ముస్లిం గడిలో ఉన్న మనిషిని ఇరవయ్యేళ్ల తర్వాత చట్టం వేరే గడిలోకి నెట్టింది.

1950 మొదట్లో తూర్పు బెంగాల్లో హిందువుల మీద దాడులు, పశ్చిమ బెంగాల్లో ముస్లింల మీద దాడులు, రెండు వైపులా లక్షల మంది కట్టుబట్టలతో సరిహద్దు దాటారు. ఏప్రిల్ 8న నెహ్రూ, పాకిస్తాన్ ప్రధాని లియాఖత్ అలీ ఖాన్ ఢిల్లీలో ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. అందులో ఒక అంశం, తూర్పు బెంగాల్, పశ్చిమ బెంగాల్, అస్సాం మంత్రివర్గాల్లో మైనారిటీ ప్రతినిధి ఒకరు ఉండాలి అని. స్వతంత్రం వచ్చాక మతం లెక్కన మంత్రిని పెడతామని రెండు ప్రభుత్వాలూ కాగితం మీద రాసింది అక్కడే. ఈ ఒప్పందంతో తూర్పు బెంగాల్ హిందువులకి రక్షణ రాదని శ్యామాప్రసాద్ ముఖర్జీ నెహ్రూ మంత్రివర్గం నుంచి బయటికొచ్చేశారు. అదే అక్టోబర్లో మండల్ కలకత్తా చేరుకుని, కరాచీలో ఉన్న తన ప్రధానికి పేజీలకి పేజీలు రాజీనామా లేఖ పంపారు, తన మనుషుల మీద జరిగిన దాడుల్ని ఊరి పేర్లతో సహా రాస్తూ, మంత్రిగా ఉండి కూడా వాటిని ఆపలేకపోయానని.